పాడని డిస్కు

మీలో ఎవరికైనా కారు బ్రేకు డిస్కులు అరిగిపోతే ఫోనులో బండి వివరాలు కొడతారు. రెండు మూడు రోజుల్లో అట్టపెట్టె ఇంటికొస్తుంది. మా మనవడు అలాగే తెప్పించుకున్నాడు. ఎబెన్‌లో తను పనిచేసే అద్దాల మేడ కింద బండి ఆపుకుని, పెట్టె విప్పి, "తాతా, ఇవి మంచివేనా?" అంటూ నాకు ఫోటో పంపించాడు. ఫోటో చూసి డిస్కు మంచిదో కాదో చెప్పలేనని జవాబిచ్చాను. ఎందుకు చెప్పలేవని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. వాడు కాకపోతే ఇంకెవరైనా చదువుతారు.

మా దీవి మీద ఇంగ్లండు జెండా దిగడానికి కొన్ని నెలల ముందటి మాట ఇది. నేను క్యూర్‌పిప్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్కుని. ముప్పై దాటాయి, పెళ్ళయింది, చేతిలో పని ఉందన్న ధీమా ఉంది. క్యూర్‌పిప్ ఎత్తు మీది ఊరు. వానా పొగమంచూ అక్కడ కాపురముంటాయి. పొద్దున్నే షెడ్డు రేకు తలుపు పైకెత్తగానే మంచు లోపలికి వచ్చి, జాకీల మీద నిలబెట్టిన కార్ల కింద మెల్లగా పాకేది. చక్రాలు ఊడదీసిన కార్లు ఆ తెల్లదనంలో నీళ్ళ మీద పడవల్లా తేలేవి. ముందు గొంతులు వినపడేవి, ఆ తర్వాత మనుషులు కనపడేవారు. ఆ రోజులు నిజంగా గడిచాయా, నిద్రలో చూశానా అని ఇప్పుడు ఒక్కోసారి అనిపిస్తుంది.

ఆ గొంతుల్లో అన్నిటికన్నా నెమ్మదైనది మా ఫోర్‌మన్‌ది. ఆఫ్రికా సంతతి క్రియోల్ మనిషి, అరవైకి దగ్గర పడ్డవాడు. అక్షరం రాదు. ఇనుప సామాను ఏది చేతికిచ్చినా తీగ కట్టి వేలాడదీసి, సుత్తి పిడితో ఒక్కటి తట్టి, కళ్ళు మూసుకునేవాడు. చక్రంలో ఉండే ఇనుప గిన్నెలాంటి బ్రేకు డ్రమ్ము బాగుంటే గంటలా మోగేది. ఆ మోత మంచులోకి నడిచిపోయి ఎక్కడో దూరాన ఆగేది. పగులుంటే బీటవారిన కుండని తట్టినట్టు ఒక్క పొడి చప్పుడు చేసి ఊరుకునేది. మోగితే "సాంతే" అనేవాడు, పాడుతోంది అని. మోగకపోతే ఏమీ అనకుండా పాత ఇనుము పోగులోకి విసిరేసేవాడు.

మేమంతా మాట్లాడుకున్నది క్రియోల్లోనే, ఫ్రెంచిలోంచి పుట్టిన మా దీవి భాషలోనే. తెలుగు నాకు ఇంట్లో అమ్మా, తాతా, అక్కా అన్న పిలుపుల్లోనూ, రామమందిరంలో పాడే భజనల్లోనూ మాత్రమే ఉండేది. రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను. అందుకని ఇక్కడ అందరి చేతా తెలుగే పలికిస్తున్నాను. అక్కడక్కడా వాళ్ళ సొంత మాట దూసుకొస్తే వదిలేశాను.

డిస్కు బ్రేకులు మా దగ్గరికి అప్పుడప్పుడే వస్తున్నాయి. అంతవరకూ అన్ని చక్రాలకీ డ్రమ్ములే. కొత్త చిన్న కార్లలో కొన్నిటికి మాత్రం ముందు చక్రాల్లో పళ్ళెంలాంటి ఇనుప డిస్కు ఉండేది. బ్రేకు తొక్కితే రెండు వైపులా ప్యాడ్లు వచ్చి దాన్ని నొక్కి పట్టుకుంటాయి. "ఇది బ్రేకా, భోజనం పళ్ళెమా?" అని ఫోర్‌మన్ నవ్వేవాడు. నాకు ఇంగ్లీషు పుస్తకం చదవడం వచ్చు కాబట్టి డిస్కు బళ్ళన్నీ నాకు వదిలేశాడు. ఆరు నెలలు తిరక్కుండానే నన్ను నేను డిస్కుల డాక్టరుననుకోవడం మొదలుపెట్టాను.

క్రిస్మస్ ముందు ఒక వాన పొద్దున మా షెడ్డులోకి లేత నీలం కారొకటి వచ్చింది. నడుపుతున్నది ఆడమనిషి. ఆ రోజుల్లో అది పని ఆపి చూసే సంగతి. తెల్ల యూనిఫాం, గట్టిగా చుట్టిన ముడి, పక్క సీట్లో తోలు సంచీ. కాంప్ ద మాస్క్ చుట్టుపక్కల ఊళ్ళకి ఆమె సర్కారు మంత్రసాని. నలభై అయిదేళ్ళుంటాయి. నా పేరు అడిగి తెలుసుకుని మొహం విప్పారేలా నవ్వింది.

"మన తెలుగువాడివేనా? ఆలోర్ తమ్ముడూ, అయితే నువ్వే చూడు. బ్రేకు తొక్కితే కాలికింద ఏదో వణుకుతోంది. నొప్పులు పడే పిల్లని వెనక పడుకోబెట్టుకుని ఇట్లా వణికించుకుంటూ పోతే ఎట్లా?"

చక్రం విప్పి చూశాను. డిస్కు మీద గ్రామఫోను ప్లేటులా గీతలు. పుస్తకంలో ఇంతకన్నా పలచబడితే పారేయమన్న హద్దు ఎప్పుడో దాటిపోయింది. రెండూ మార్చాల్సిందే.

అసలు డిస్కులు ఇంగ్లండు నుంచి రావాలి. సూయజ్ కాలువ మూతబడి, ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వస్తున్న కాలం అది. ఎప్పటికొస్తాయో ఓడవాళ్ళకే తెలియదు. మా పెరట్లో అదే రకం కారు ఒకటి, లారీ గుద్దితే నుజ్జయి, వానలో నానుతోంది. దాని డిస్కులు తీసి లేతు మీద సాపు చేయించవచ్చు గాని, సాపయ్యాక మందం సరిగ్గా హద్దు గీత మీద నిలబడుతుంది. ఇంతలో మా రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఒక దుకాణంలో కొత్తవి ఉన్నాయని తెలిసి తెప్పించాను. ఎవరు పోత పోశారో వాటి మీద పేరు లేదు. కానీ అద్దంలా మెరుస్తున్నాయి. వెడల్పు సరిపోయింది. బోల్టు రంధ్రాలు సరిపోయాయి. మైక్రోమీటరు పెడితే మందం పుస్తకంలో ఉన్నంతా ఉంది. చక్రం మధ్యలో ఉండే హబ్బుకి బిగించి తిప్పితే ఇసుమంతైనా వంకర లేదు.

ఫోర్‌మన్ వచ్చి, ఏమీ అడక్కుండా వాటిని తీగకి తగిలించాడు. మొదటిది మోగింది. రెండోదాన్ని తట్టి, మళ్ళీ తట్టి, నా వైపు తిరిగాడు.

"ఎకూట్," అన్నాడు. విను అని.

"విన్నాను షెఫ్."

"లి పా పే సాంతే. ఇది పాడటం లేదు."

"ఇదేమన్నా డ్రమ్మా, చర్చి గంటా, పాడటానికి?" అన్నాను. షెడ్డులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది.

ఆయన నవ్వలేదు. "పెరట్లో ఉన్న ముసలి జత వెయ్యి. రెండేళ్ళు కాగి చల్లారి, కాగి చల్లారి ఉన్న ఇనుము. పగిలేదే అయితే ఈపాటికి పగిలేది. పలచనయితే ఏం, ఓడ వచ్చేదాకానేగా."

"పుస్తకం ఒప్పుకోదు."

"పుస్తకానికి చెవులున్నాయా?" అని సుత్తి బల్ల మీద పెట్టి తన పనికి తను పోయాడు.

బండి కోసం వచ్చి అక్కడే నిలబడ్డ మంత్రసాని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నాకు ఇనుము సంగతి తెలియదు తమ్ముడూ. నీ సొంత అక్కకైతే ఏది వేస్తావు?"

కొత్త జత మీద చెయ్యి వేశాను. దొంగ మనసుతో కాదు. నిజంగా అవే మంచివని నమ్మాను. ఇంకో దారి కూడా ఉంది: ఓడ వచ్చేదాకా గ్యారేజీ వ్యాను ఆమెకివ్వమని యజమానిని అడగవచ్చు. ఆ ఆలోచన నాకు రానేలేదు. రెండింట్లో ఒకటి ఏరుకోవాల్సి వచ్చినప్పుడు మూడోదాని కోసం ఎవరు వెతుకుతారు?

జనవరిలో ఒక మధ్యాహ్నం, క్వార్టియే మిలితేర్ దాటాక వచ్చే దిగుడులో, ఆమె మలుపు ముందు బ్రేకు తొక్కింది. ఎడమ చక్రం మాట విన్నది, కుడి చక్రం వినలేదు. కారు బొంగరంలా తిరిగి చెరకు తోటలోకి దూసుకుపోయింది. చెరకు నిలువెత్తున ఉండటంతో పరుపులా పట్టుకుంది. ఆమె ఒక్కతే ఉంది కారులో. ప్రాణానికి ఏమీ కాలేదు. ఎడమ మణికట్టు విరిగింది.

విరిగింది మంత్రసాని చెయ్యి అని నాకు తట్టడానికి కొంతసేపు పట్టింది. ముందు కారు గురించే ఆలోచించాను. సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను.

కారుని మా షెడ్డుకే లాక్కొచ్చారు. చక్రం నేనే విప్పాను. డిస్కు హబ్బు దగ్గర గుండ్రంగా తెగి రెండు ముక్కలయింది. తెగిన అంచుని వెలుతురులోకి తిప్పాను. చాలా మేర కొత్తగా తెగిన ఇనుము, వెండిలా తళతళలాడుతోంది. ఒక చోట మాత్రం బొటనవేలంత మచ్చ, నల్లగా, లోపల తుప్పుతో. అది ఆ రోజు పగిలింది కాదు. పోత పోసిన నాటి నుంచీ లోపల నిద్రపోతున్న పగులు. మైక్రోమీటరుకి అందనిది, కంటికి ఆననిది. సుత్తి పిడికి మాత్రం దొరికింది.

ముక్కలు గోనెపట్టాలో చుట్టి యజమాని దగ్గరికి తీసుకెళ్ళాను. మంచి మనిషే. చూసి, నిట్టూర్చి, తలుపు వేశాడు. జెండా పండగకి రాబోయే పెద్దమనుషుల నల్ల కార్లన్నీ సిద్ధం చేసే పని మాకే వచ్చింది. మరుసటి వారం నుంచి అవి వస్తాయి.

"నిన్నెవరైనా అడిగారా?" అన్నాడు.

"లేదు."

"అడగని ప్రశ్నకి జవాబెందుకు? పండగ అయిపోనీ. కారు ఊరికే బాగుచేసి ఇచ్చేద్దాం."

ఊరంతా అప్పటికే జవాబు చెప్పేసుకుంది. తడి రోడ్డు, ఆడమనిషి, గట్టిగా తొక్కేసి ఉంటుంది. బస్సులో విన్నాను, రొట్టెల దుకాణంలో విన్నాను. ఆడవాళ్ళకి స్టీరింగెందుకు అని ఒకడంటే పక్కవాడు తలూపాడు. ఆ పక్కవాడి పక్కన నేనున్నాను.

ఆదివారం ఆమెని చూడటానికి కాంప్ ద మాస్క్ వెళ్ళాను. వరండాలో కూర్చుని, కట్టు వేసిన చెయ్యి ఒడిలో పెట్టుకుని, రెండో చేత్తో చిక్కుడుకాయలు వలుస్తోంది. కాయని మోకాళ్ళ మధ్య ఇరికించి వలవాల్సి వస్తోంది. నేను సాయానికి కూర్చున్నాను. చెరకు మీంచి గాలి అలలు అలలుగా వస్తోంది. ఆకుల చప్పుడు వింటూ ఇద్దరం కాయలు వలిచాం.

"నేనే గట్టిగా తొక్కానేమో తమ్ముడూ," అంది చివరికి. "రోజూ అదే మలుపు. ఆ రోజు కాలు ఎట్లా పడిందో. రాత్రి పడుకుంటే కాలు అదే తొక్కుతోంది."

చిక్కుడుకాయ చీల్చాను.

"ఎల్లుండి మంగళవారం ఆరోగ్యశాఖ ఆఫీసరు ఫ్లాక్ ఆఫీసుకి వస్తున్నాడట. పిలిపించాడు. బండి వద్దు, ఊళ్ళు తిరగొద్దు, ఆసుపత్రి వార్డులో ఉండు అంటాడేమో. బోన్, సరే, వార్డయితే వార్డు. కానీ ఈ వైపు పిల్లలు నెలలు నిండాక నడిచి వెళ్ళాలిగా అక్కడికి."

అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. వలిచిన గింజలు గిన్నెలో పోసి, బస్సు వేళయిందని లేచి వచ్చేశాను. నా ఉద్యోగ జీవితంలో చేసిన తప్పేదని ఎవరైనా అడిగితే డిస్కు అంటానని అనుకుంటారు. నేను ఆ ఆదివారం అంటాను.

సోమవారం ఫోర్‌మన్ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను చెప్పలేదా అంటాడని కాచుకుని ఉన్నాను. ఆయన గోనె మూట వైపు చూస్తూ అన్నాడు: "తట్టాను, చెప్పాను, సుత్తి పెట్టేసి పోయాను. నీ చేతిలోంచి లాక్కోవాల్సింది. కోపం వచ్చింది నాకు, పుస్తకం గొప్పదంటే. సగం తప్పు నాదే, గార్సోన్."

కోపగించుకుంటే తట్టుకునేవాణ్ణి. ఆ మాటని తట్టుకోలేకపోయాను.

మంగళవారం పనికి పోకుండా ఫ్లాక్ బస్సెక్కాను. ఒళ్ళో గోనె మూట. చినుకులు పడుతున్నాయి. బస్సు అద్దాల మీద నీళ్ళు కారుతుంటే చెరకు తోటలు కరిగి కిందికి జారుతున్నట్టు ఉన్నాయి. ఎవరెవరో ఎక్కుతున్నారు, దిగుతున్నారు. నేనొక్కణ్ణే కదలకుండా ఉన్నట్టూ, దీవే నన్ను దాటుకుంటూ పోతున్నట్టూ అనిపించింది. ఆ దిగుడు మలుపులో నలిగిన చెరకు కనపడింది. కళ్ళు మూసుకోలేదు.

ఆఫీసు వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాడు ఆఫీసరు. మా దీవి మనిషే, ఇంగ్లండులో చదివి వచ్చినవాడు. ఎదురుగా ఆమె, మెడలోంచి కట్టిన గుడ్డలో చెయ్యి పెట్టుకుని, బడిపిల్లలా నిటారుగా కూర్చుంది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

"నువ్వెవరు?" అన్నాడాయన.

"ఆ కారుకి బ్రేకు డిస్కులు ఏరి బిగించినవాణ్ణి." మూట విప్పి ముక్కలు బల్ల మీద, ఆయన కాగితాల పక్కనే పెట్టాను. నల్ల మచ్చ చూపించాను. ఈ పగులు కారుకి వేయకముందు నుంచీ ఉందనీ, ఆమె కాస్త తొక్కినా గట్టిగా తొక్కినా ఏదో ఒక రోజు తెగి తీరేదనీ చెప్పాను.

ఆయన అద్దాలు పెట్టుకుని అంచుని చాలాసేపు చూశాడు. "బిగించే ముందు కొలిచావా?"

"కొలిచాను."

"కొలత సరిగ్గా ఉందా?"

"ఉంది."

"మరి నీ తప్పేముంది ఇందులో?"

"పెద్దాయన ఒకరు తట్టి చూసి వద్దన్నారు. నేను వినలేదు."

ఆయన కలం పైకెత్తి, ఎక్కడ రాయాలో తెలియనట్టు కాసేపు గాల్లో ఉంచాడు. ఆమె నా వైపు చూడటం లేదు. తన కుడికాలి వైపు చూసుకుంటోంది. ఆ కాలు మెల్లగా చెప్పులోంచి బయటికి వచ్చి, నేల మీద తేలిగ్గా ఆనింది.

ఆఫీసరు రెండు వాక్యాలు రాసి కాగితం మడిచాడు. చెయ్యి బాగయ్యాక ఆమె మామూలుగానే ఊళ్ళు తిరగవచ్చునన్నాడు. మెట్లు దిగుతూ ఆమె నా పక్కకి వచ్చింది.

"ఆదివారం తెలుసా నీకు?"

"తెలుసక్కా."

"చిక్కుడుకాయలు అందుకే అంత నలిపావు," అంది. బస్సు వచ్చేదాకా పక్కనే నిలబడింది.

యజమాని నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. బ్రేకుల నుంచి తప్పించి, నల్ల కార్లకి పాలిషు పెట్టే పనిలో వేశాడు. ఫోర్‌మన్ మధ్యలో మాట్లాడి ఉంటాడు, నాకు తెలియదు. జెండా మారిన మధ్యాహ్నం నేను గుంపుకి చాలా వెనక, నేను పాలిషు పెట్టిన కార్ల వరసలో నిలబడి ఉన్నాను. తలల మీదుగా ఎక్కడో ఒక జెండా దిగింది, నాలుగు రంగులది ఎక్కింది. జనం అరుపు అలలా వచ్చి కార్ల మీంచి దాటిపోయింది. నేను రుద్దిన నల్ల బానెట్లలో ఆ జెండా తలకిందులుగా, చిన్నగా, ఒకదాని తర్వాత ఒకటి ఎగిరింది. ఒక దేశం పుట్టడం నేను చూసింది అలాగే.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఓడ వచ్చింది. నూనె కాగితం చుట్టిన డిస్కులు మూడు జతలు. ఆమె కూడా వచ్చింది. కట్టు విప్పేశారు. మణికట్టు కాస్త వంకరగా అతుక్కుంది, కానీ వేళ్ళన్నీ ఆడించి చూపించింది. యజమాని ఇంకో మెకానిక్కుని పిలవబోతే ఆపింది.

"పా బిజ్వెన్," అంది, అక్కర్లేదని. "ఆ తమ్ముడే ఏరతాడు."

ఆరింటినీ కొలిచాను. తీగకి కట్టి ఒక్కొక్కటే తట్టాను. ఫోర్‌మన్ షెడ్డు వాకిట్లో వానని చూస్తూ నిలబడ్డాడు, ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. నాలుగోది కాస్త తొందరగా ఆగినట్టనిపించింది. నిజంగా ఆగిందో, నా భయమో ఇప్పటికీ తెలియదు. పక్కన పెట్టేశాను. మిగిలినవాటిలో ఒక జత తీసి బిగించాను.

"ఇక ఎక్కు," అంది ఆమె.

"ఎక్కడికక్కా?"

"నువ్వు ఏరిన దాని మీద నువ్వు ప్రయాణం చెయ్యొద్దూ?"

పక్క సీట్లో తోలు సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా కట్టిన కాగితపు జెండాలు వానకి రంగులు కారి, ఎరుపూ నీలం కలిసిపోయి వేలాడుతున్నాయి. దిగుడు మొదలయ్యాక దూరంగా సముద్రం, ఆకాశంలోంచి విడదీయలేని బూడిద రంగులో, ఉండీ లేనట్టు కనపడింది. ఆ మలుపు వచ్చింది. నా కుడికాలు దానంతటదే నేలని అదిమింది.

"నీ వైపు పెడలు లేదు తమ్ముడూ," అని ఆమె పకపకా నవ్వి, తన పెడలు తొక్కింది. కారు మెత్తగా, ఏమీ జరగనట్టు నెమ్మదించింది.

ఇంటికి చేరకముందే దారిలో ఒకతను చేతులు ఊపుతూ ఎదురొచ్చాడు. ఆమె కారు ఆపి, నా ఒళ్ళోని సంచీ లాక్కుని, అతని వెంట ఒక రేకుల ఇంట్లోకి వెళ్ళిపోయింది. నేను కారుకి ఆనుకుని నిలబడ్డాను. వాన ఆగింది. ఎంతసేపు గడిచిందో తెలియదు. ఒక ముసలామె ఎనామెల్ మగ్గుతో టీ తెచ్చి ఇచ్చింది.

"ఆడపిల్ల. తల్లీపిల్లా బాగున్నారు. నువ్వు దొక్తేర్‌వా బాబూ?"

"కాదవ్వా. ఆ అక్క కారు బ్రేకులు చూసేవాణ్ణి."

ముసలామె ఆలోచించింది. కారుని చూసింది, గుమ్మాన్ని చూసింది, రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని చూసింది. లోపలికి వెళ్ళి చిన్న చెంబుతో పసుపు నీళ్ళు తెచ్చి, వంగి, ముందు చక్రాలు రెండింటి మీదా చిలకరించి దణ్ణం పెట్టింది. కొత్త డిస్కుల మీద ఏమీ పడనివ్వకూడదని పనిలో చేరిన మొదటిరోజే చెబుతారు. చెప్పబోయాను. ఆమె ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. టీ తాగాను.